కోఎంజైమ్‌కు దారి ఎవరు చూపిస్తారు?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను బీఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేయ కణంలో జరిగే జీవక్రియల పాఠం దగ్గర ఆగిపోతున్నాను. కోఎంజైములు, అంటే ఎంజైములకు తోడుగా పనిచేసే చిన్న అణువులు, ఒక ఎంజైమ్ నుంచి ఇంకో ఎంజైమ్‌కు హైడ్రోజన్‌ను మోసుకెళ్తాయని పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. మా లెక్చరర్ బస్సుతో పోల్చి చెప్పారు. మరి ఆ బస్సుకు రూటు ఎవరు వేస్తారు? ఏ ఎంజైమ్ దగ్గర ఆగాలో దానికెలా తెలుస్తుంది? ఎన్‌ఏడీహెచ్ మైటోకాండ్రియా లోపలికి వెళ్లలేదని ఒక పేజీలో ఉంది, సైటోసాల్‌లో (కణద్రవంలో) తయారైన ఎన్‌ఏడీహెచ్ మైటోకాండ్రియాలో ఏటీపీ అనే శక్తి అణువును ఇస్తుందని ఇంకో పేజీలో ఉంది. ఏది నిజం? రియాక్షన్లన్నీ బట్టీ పట్టినా గుర్తుండటం లేదు. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది. ఇంకో మాట. మా అన్నయ్యకు ఫ్యాటీ లివర్ ఉందన్నారు. వాడు ఎన్‌ఏడీ పెంచే మాత్రలు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. వాడొచ్చా?
– ఒక విద్యార్థిని

సమాధానం: రూటు ఎవరు వేస్తారని అడిగారు చూడండి, పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఎవరూ వేయరు. ఎన్‌ఏడీ అనే కోఎంజైమ్ హైడ్రోజన్‌ను ఎత్తుకుంటే ఎన్‌ఏడీహెచ్ అవుతుంది, దానికి గమ్యం అంటూ ఏదీ లేదు. ఎంజైమ్ వదిలేశాక అది కణద్రవంలో నీటి అణువుల తాకిడికి అటూ ఇటూ కొట్టుకుంటూ పోతుంది. తనకు సరిపడే గుంట ఉన్న ఎంజైమ్ ఏది ఎదురైతే దానికి అతుక్కుంటుంది. అక్కడ హైడ్రోజన్ ఇచ్చేసి రావచ్చు, ఏమీ ఇవ్వకుండానే ఊడి రావచ్చు. బస్సు పోలిక మీ లెక్చరర్ మంచి ఉద్దేశంతోనే చెప్పారు. కానీ ఆ పోలికలో డ్రైవర్ ఉన్నాడు, స్టాపులు ఉన్నాయి. కణంలో అవి లేవు. డ్రైవర్ లేకుండానే ఇంత కచ్చితంగా పని ఎలా జరుగుతోందన్నది అర్థమైతే మిగతా రియాక్షన్లు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి.

కోఎంజైమ్ ఎంజైమ్ నుంచి విడిపోతుందన్న సంగతి దాన్ని కనిపెట్టిన ప్రయోగంలోనే ఉంది. 1906లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ ఈస్ట్ రసాన్ని జెలటిన్ పూసిన ఫిల్టర్ గుండా ఒత్తిడితో వడకట్టారు. పెద్ద అణువులు పైన ఆగిపోయాయి, చిన్నవి కిందికి దిగాయి. పైన మిగిలిన దానితో చక్కెర పులియలేదు, కిందికి దిగిన దానితోనూ పులియలేదు. రెండూ కలిపితే పులిసింది. కిందికి దిగిన ద్రవాన్ని మరగబెట్టి కలిపినా పనిచేసింది. అంటే వేడికి పాడైపోయే ప్రొటీన్ ఒకటి, వేడికి తట్టుకునే చిన్న అణువు ఒకటి, రెండూ కావాలన్నమాట. చిన్న అణువు ప్రొటీన్‌కు శాశ్వతంగా అతుక్కుని ఉండే రకమైతే ఆ ఫిల్టర్ దాన్ని విడదీయగలిగేది కాదు. నిజానికి ఆ ద్రవంలో ఎన్‌ఏడీతో పాటు ఏటీపీ కూడా ఉంది. ఏటీపీని 1929లో బోస్టన్‌లో మన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే, విడిగా జర్మనీలో కార్ల్ లోమాన్ గుర్తించారు. అదే ఏడాది హార్డెన్‌కు, ఎన్‌ఏడీని శుద్ధి చేసే పనిలో ఏళ్లు గడిపిన హాన్స్ ఫాన్ ఆయిలర్-కెల్పిన్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

అయితే కోఎంజైమ్ అన్న పేరు కిందికి వచ్చేవన్నీ ఇలా తిరిగేవి కావు. మీ గందరగోళంలో సగం ఇక్కడి నుంచే వస్తోందని నా అనుమానం. ఎన్‌ఏడీ, ఎన్‌ఏడీపీ, కోఎంజైమ్-ఏ స్వేచ్ఛగా తిరుగుతాయి. పిరిడాక్సల్ ఫాస్ఫేట్ తన ఎంజైమ్‌లోని లైసిన్‌కు అంటుకుని అక్కడే ఉంటుంది. బయోటిన్ కూడా అంతే. ఎఫ్‌ఏడీ కూడా హైడ్రోజన్‌ను అందుకునే కోఎంజైమే, కానీ మామూలుగా తన ప్రొటీన్‌ను వదలదు. కొవ్వు ఆమ్లాన్ని కరిగించే మొదటి ఎంజైమ్‌లో ఎఫ్‌ఏడీ ఉంది కదా, అది తీసుకున్న ఎలక్ట్రాన్లను పట్టుకెళ్లడానికి ఎలక్ట్రాన్ ట్రాన్స్‌ఫర్ ఫ్లేవోప్రొటీన్ అనే ఇంకో ప్రొటీన్ దాని దగ్గరికి వస్తుంది. దానిలోనూ ఎఫ్‌ఏడీయే ఉంటుంది. ఎలక్ట్రాన్లు ఒక ఎఫ్‌ఏడీ నుంచి ఇంకో ఎఫ్‌ఏడీకి మారతాయి, కదిలేది మాత్రం ప్రొటీన్.

ఈ రెండు రకాలకూ మధ్యలో ఉన్నది లిపోయిక్ ఆమ్లం. పైరువేట్ (గ్లూకోజ్ విరిగితే వచ్చే చిన్న అణువు) మీద పనిచేసే పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే పెద్ద ఎంజైముల సముదాయంలో అది ఒక లైసిన్ చివర వేలాడుతూ ఉంటుంది. సుమారు 1.4 నానోమీటర్ల పొడవున్న ఆ చేయి, దాన్ని పట్టుకున్న ప్రొటీన్ భాగంతో సహా ఊగుతూ ఒక ఎంజైమ్ దగ్గర అసిటైల్ ముక్కను అందుకుంటుంది, పక్కనే ఉన్న ఇంకో చోట కోఎంజైమ్-ఏకు అప్పగిస్తుంది, మూడో ఎంజైమ్ దగ్గర తన హైడ్రోజన్లను వదిలించుకుంటుంది. చేతి నుంచి చేతికి అందించడం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఈ లిపోయిక్ ఆమ్లాన్ని మొదట స్ఫటికంగా తీసింది కూడా కాలేయం నుంచే. 1951లో లెస్టర్ రీడ్, ఆయన సహచరులు సుమారు 10 టన్నుల కాలేయ అవశేషాన్ని శుద్ధి చేస్తే చివరికి చేతికొచ్చింది 30 మిల్లీగ్రాములు. ఆ అంకె చదివినప్పుడల్లా ఆ మనుషుల ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు ఎన్‌ఏడీ ఒక ఎంజైమ్‌లోకి వెళ్లి బయటికి రావడాన్ని దగ్గరి నుంచి చూద్దాం. దీనికి కాలేయంలోని ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్‌ను మించిన ఉదాహరణ లేదు. ఎంజైమ్‌లో రెండు భాగాల మధ్య ఒక చీలిక ఉంటుంది. ముందుగా ఎన్‌ఏడీ వచ్చి అందులో కూర్చుంటుంది. దాంతో ఆ రెండు భాగాలు సుమారు 10 డిగ్రీలు తిరిగి దగ్గరికి మూసుకుంటాయి, లోపలి నీరు బయటికి పోతుంది. తర్వాత ఆల్కహాల్ అణువు వచ్చి అక్కడున్న జింక్ అయాన్‌ను పట్టుకుంటుంది. ఆల్కహాల్ కార్బన్ మీది హైడ్రోజన్ తన రెండు ఎలక్ట్రాన్లతో సహా, అంటే హైడ్రైడ్‌గా, నేరుగా నికోటినమైడ్ వలయం నాలుగో కార్బన్ మీదికి దూకుతుంది. మధ్యలో నీటిని తాకదు. 1950ల మొదట్లో వెస్ట్‌హైమర్, బిర్గిట్ వెన్నెస్‌లాండ్ బృందం ఈస్ట్ ఎంజైమ్‌తో, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న ఆల్కహాల్ వాడి దీన్ని తేల్చారు. డ్యుటీరియం మొత్తం ఎన్‌ఏడీహెచ్‌లోనే దొరికింది, చుట్టూ ఉన్న నీటిలో కలవలేదు. పైగా అది వలయానికి ఒకే వైపు చేరింది. కొన్ని ఎంజైములు ఆ వైపున, కొన్ని రెండో వైపున హైడ్రైడ్ పెడతాయి. తమ వైపు తప్పవు.

ఆ తర్వాత తయారైన అసిటాల్డిహైడ్ ముందు వెళ్లిపోతుంది. ఎన్‌ఏడీహెచ్ చివరన వెళ్తుంది, అదీ తాపీగా. మొత్తం పనిలో అన్నిటికన్నా నెమ్మదైన అడుగు ఎన్‌ఏడీహెచ్ ఊడి రావడమేనని గుర్రపు కాలేయపు ఎంజైమ్ మీద పనిచేసి హ్యూగో థియోరెల్, బ్రిటన్ చాన్స్ 1951లో చూపించారు. హైడ్రైడ్ దూకడం చాలా వేగం. మూసుకున్న తలుపు తెరుచుకుని ఎన్‌ఏడీహెచ్ బయటపడటమే ఆలస్యం. ఆ ఎంజైమ్ సెకనుకు కొన్ని అణువులను మాత్రమే మార్చగలగడానికి కారణం అదే. చాలామంది విద్యార్థులు రసాయన మార్పునే కష్టమైన పనిగా అనుకుంటారు, వదిలిపెట్టడాన్ని పట్టించుకోరు. కోఎంజైమ్ తిరగాలంటే ఎంజైమ్ దాన్ని పట్టుకోవడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యం. మరీ గట్టిగా పట్టుకునే ఎంజైమ్‌తో తిరిగే కోఎంజైమ్ పని సాగదు.

వదిలాక ప్రయాణం ఎంతసేపు? కాలేయ కణం అడ్డంగా 20 నుంచి 30 మైక్రోమీటర్లు ఉంటుంది. ఎన్‌ఏడీహెచ్ బరువు సుమారు 665 డాల్టన్లు, ప్రొటీన్లతో పోలిస్తే చిన్న అణువు. కణద్రవం కిక్కిరిసి ఉన్నా ఒక మైక్రోమీటరు దూరం పోవడానికి దానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. కణం ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి కూడా సెకను అటూ ఇటూ పడుతుంది. పక్కనే బోలెడన్ని ఎంజైములు ఉన్నప్పుడు అంత దూరం పోయే అవసరమే రాదు.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక అభ్యంతరం చెప్పాలి. కాలేయ సైటోసాల్‌లో ఏ ఎంజైమ్‌కూ అంటుకోకుండా స్వేచ్ఛగా ఉన్న ఎన్‌ఏడీహెచ్ చాలా తక్కువ. దాన్ని పట్టుకునే ఎంజైమ్ గుంటలు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అలాంటప్పుడు అది నీటిలోకి వచ్చి వెతుక్కునే బదులు, రెండు ఎంజైములు ఒకదానికొకటి ఆనుకుని నేరుగా మార్చుకుంటాయేమో? 1980లలో శ్రీవాస్తవ, బెర్న్‌హార్డ్ అనే శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే వాదించారు. ఎన్‌ఏడీహెచ్‌ను దాదాపు పూర్తిగా పట్టేసుకునేంత ఎక్కువ మోతాదులో ఒక ఎంజైమ్ కలిపారు. తర్వాత కొద్దిగా రెండో ఎంజైమ్ వేసి వేగం చూశారు. స్వేచ్ఛగా మిగిలిన ఆ కాస్త ఎన్‌ఏడీహెచ్‌తో రావాల్సిన వేగం కన్నా ఎక్కువ వచ్చిందన్నారు. హైడ్రైడ్‌ను చెరో వైపు పెట్టే ఎంజైముల మధ్యే ఇది జరుగుతుందని కూడా అన్నారు. అందమైన ఊహ, చాలామందికి నచ్చింది. 1988లో చాక్, గుట్‌ఫ్రాయిండ్ అవే ఎంజైములను మిల్లీసెకన్లలో కొలిచే పరికరంతో మళ్లీ పరీక్షించారు. మొదటి ఎంజైమ్ నుంచి ఎన్‌ఏడీహెచ్ ఎంత వేగంగా ఊడుతుందో అంతే వేగంగా రెండోదానికి చేరుతోందని తేలింది. అంటే ఊడి, నీటిలోకి వచ్చి, మళ్లీ అతుక్కుంటోంది. నా మట్టుకు నాకు ఈ రెండో కొలతే బలంగా అనిపిస్తుంది. నేరుగా మార్చుకుంటాయని ఎవరైనా రాస్తే, లిపోయిక్ చేయిలాంటి నిర్మాణం చూపించమని అడగండి.

ఇవన్నీ కొలవగలగడానికి ఒక కారణం ఉంది. ఎన్‌ఏడీహెచ్ 340 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది, ఎన్‌ఏడీ పీల్చుకోదు. మీ అన్నయ్య రక్తపరీక్ష రిపోర్టులో ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైమ్‌కు ఒక అంకె ఉంటుంది, చూడండి. ల్యాబ్‌లో ఆ రక్తంలోని ఏఎల్‌టీ చేత అలనైన్ నుంచి పైరువేట్ తయారు చేయిస్తారు. పక్కనే కలిపిన లాక్టేట్ డీహైడ్రోజినేజ్ ఆ పైరువేట్‌ను లాక్టేట్‌గా మారుస్తూ ఎన్‌ఏడీహెచ్‌ను ఖర్చు పెడుతుంది. 340 దగ్గర కాంతి పీల్చుకోవడం ఎంత వేగంగా తగ్గితే ఏఎల్‌టీ అంత ఎక్కువ. మీ పాఠం ఆ కాగితం మీద అంకెగా కూర్చుంది.

రూటు లేదన్నాను. మరి హైడ్రోజన్ ఒక దిశలోనే ఎందుకు ప్రవహిస్తుంది? దాన్ని నిర్ణయించేది నిష్పత్తి. ఎన్‌ఏడీకి ఎన్‌ఏడీహెచ్‌కు మధ్య ఎన్ని రెట్లు తేడా ఉందన్నదే దిశ. కణంలోని మొత్తం ఎన్‌ఏడీహెచ్‌ను కొలిస్తే ఆ నిష్పత్తి పది లోపే వస్తుంది, ఎందుకంటే ప్రొటీన్లకు అతుక్కున్నది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. స్వేచ్ఛగా తిరిగేదాని నిష్పత్తి కావాలంటే తెలివిగా వెనక నుంచి రావాలి. 1967లో విలియమ్సన్, లుండ్, క్రెబ్స్ ఎలుక కాలేయంతో చేసింది అదే. ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచిన లోహపు పలకల మధ్య కాలేయాన్ని నొక్కి ఒక్క క్షణంలో గడ్డకట్టించి, అందులో లాక్టేట్, పైరువేట్ ఎంతెంత ఉన్నాయో కొలిచారు. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ సమతాస్థితికి దగ్గరగా పనిచేస్తుంది కాబట్టి ఆ రెండిటి నిష్పత్తి చూస్తే సైటోసాల్‌లో స్వేచ్ఛగా ఉన్న ఎన్‌ఏడీ లెక్క దొరుకుతుంది.

లెక్క మీరే చేయండి. పీహెచ్ 7 దగ్గర ఆ చర్య సమతాస్థిరాంకం 0.000111. లాక్టేట్ పైరువేట్ కన్నా 12 రెట్లు ఉందనుకోండి. ఒకటిని 12తో, మళ్లీ 0.000111తో భాగిస్తే 750 వస్తుంది. ఒక్క ఎన్‌ఏడీహెచ్‌కు 750 ఎన్‌ఏడీలు! బాగా తిన్న ఎలుకల కాలేయంలో వాళ్లకు వచ్చిన అంకె ఇంచుమించు ఇదే. మైటోకాండ్రియా లోపలి నిష్పత్తిని బీటా-హైడ్రాక్సీబ్యుటిరేట్, అసిటోఅసిటేట్ అనే ఇంకో జంటతో ఇలాగే లెక్కిస్తే సుమారు 8 వచ్చింది. ఒకే కణం, ఒకే అణువు, పొర దాటితే దాదాపు వంద రెట్ల తేడా.

750 అంటే సైటోసాల్‌లో ఏ ఎంజైమ్‌కైనా ఎదురయ్యేది ఎక్కువగా ఖాళీ ఎన్‌ఏడీయే. కాబట్టి అక్కడ హైడ్రోజన్ తీసుకునే పని తేలికగా సాగుతుంది, రక్తం నుంచి వచ్చిన లాక్టేట్ పైరువేట్‌గా మారగలుగుతుంది. ఇప్పుడు మద్యం వచ్చి చేరిందనుకోండి. ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ దొరికిన ఎన్‌ఏడీని దొరికినట్టు ఎన్‌ఏడీహెచ్‌గా మారుస్తుంది. అసిటాల్డిహైడ్ మైటోకాండ్రియాలోకి వెళ్లి అక్కడా ఎన్‌ఏడీహెచ్‌నే పుట్టిస్తుంది. లాక్టేట్-పైరువేట్ నిష్పత్తి 12 నుంచి 40కి పెరిగితే, పై లెక్క ప్రకారం 750 కాస్తా 225కు పడిపోతుంది. ఎంజైములు మారలేదు, జన్యువులు మారలేదు, కేవలం నిష్పత్తి మారింది. దాంతో లాక్టేట్ పైరువేట్‌గా మారడం మందగిస్తుంది, కొత్త గ్లూకోజ్ తయారీ తగ్గుతుంది. తిండి లేకుండా తాగినవారికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడానికి ఇదే ముఖ్య కారణం. కొవ్వు ఆమ్లాలను కరిగించడానికీ ఎన్‌ఏడీ కావాలి కాబట్టి అదీ మందగించి కొవ్వు పేరుకుంటుంది. ఈ ఒక్క గొలుసును చేత్తో రాసి చూడండి. నాలుగు పాఠాలు ఒకేసారి గుర్తుంటాయి.

ఒకే సైటోసాల్‌లో హైడ్రోజన్ తీసుకునే పనులు, ఇచ్చే పనులు పక్కపక్కనే ఎలా జరుగుతున్నాయన్న సందేహం రావాలి. దానికోసమే కణం రెండో కోఎంజైమ్ పెట్టుకుంది. ఎన్‌ఏడీపీకి ఎన్‌ఏడీకి తేడా ఒక్క ఫాస్ఫేట్. ఆ ఫాస్ఫేట్ హైడ్రైడ్ దూకే చోటికి దూరంగా ఉంటుంది, రసాయన చర్యలో దానికి పాత్రే లేదు. అది గుర్తింపు కోసం మాత్రమే. ఎన్‌ఏడీ కోసం పనిచేసే ఎంజైముల గుంటలో సాధారణంగా ఆ చోట ఋణావేశం ఉన్న ఆమ్లం ఉండి ఫాస్ఫేట్‌ను తోసేస్తుంది. ఎన్‌ఏడీపీ ఎంజైముల్లో ఆర్జినిన్‌లాంటి ధనావేశం ఉన్న అమైనో ఆమ్లం ఉండి ఆహ్వానిస్తుంది. అందుకే ఎన్‌ఏడీపీకి ఎన్‌ఏడీపీహెచ్‌కు మధ్య నిష్పత్తి కాలేయ సైటోసాల్‌లో సుమారు 0.01 దగ్గర నిలబడగలుగుతుంది. 750తో పోల్చి చూడండి. ఒక్క పామిటిక్ ఆమ్లం కట్టడానికి 14 ఎన్‌ఏడీపీహెచ్‌లు కావాలి. అంత హైడ్రోజన్ ఇచ్చే ఒత్తిడి ఎన్‌ఏడీతో ఎప్పటికీ వచ్చేది కాదు.

ఇక మీ రెండో ప్రశ్న. మీ పుస్తకంలో రెండు పేజీలూ నిజమే. మైటోకాండ్రియా లోపలి పొరను ఎన్‌ఏడీహెచ్ దాటలేదు. దాటేది దాని హైడ్రోజన్. సైటోసాల్‌లో ఎన్‌ఏడీహెచ్ తన హైడ్రైడ్‌ను ఆక్సలోఅసిటేట్‌కు ఇస్తే మాలేట్ అవుతుంది. మాలేట్‌కు పొరలో ద్వారం ఉంది. లోపలికి పోయి మళ్లీ ఆక్సలోఅసిటేట్ అవుతూ అక్కడి ఎన్‌ఏడీని ఎన్‌ఏడీహెచ్‌గా మారుస్తుంది. ఇప్పుడు ఆక్సలోఅసిటేట్ బయటికి రావాలి, దానికి ద్వారం లేదు. అందుకని గ్లుటమేట్ నుంచి అమైనో గుంపు తీసుకుని అస్పార్టేట్‌గా మారి వస్తుంది. అస్పార్టేట్ బయటికి వచ్చేటప్పుడు దానికి బదులుగా గ్లుటమేట్ ఒక ప్రోటాన్‌తో కలిసి లోపలికి వెళ్తుంది. లోపలి పొర మీది విద్యుత్ ఒత్తిడి ఈ మార్పిడిని ఒకే దిశలో నడిపిస్తుంది. లోపల 8, బయట 750 అన్న తేడా ఉన్నా హైడ్రోజన్ లోపలికే పోగలగడానికి ఈ ఒత్తిడే ఆధారం. ఈ మెట్టు పుస్తకాల్లో ఒక బాణం గుర్తుతో ముగిసిపోతుంది. నాకైతే అధ్యాయం మొత్తానికి గుండెకాయ ఇదే అనిపిస్తుంది.

కాలేయంలో ఆ అస్పార్టేట్ ద్వారం పేరు సిట్రిన్. పుట్టుకతో సిట్రిన్ లోపం ఉన్నవాళ్లలో సైటోసాల్‌లోని హైడ్రోజన్ లోపలికి పోయే దారి మూసుకుంటుంది. యూరియా తయారీకి కావాల్సిన అస్పార్టేట్ బయటికి రాక అమ్మోనియా పెరగొచ్చు. పిండి పదార్థాలు, మద్యం రెండూ సైటోసాల్‌లో ఎన్‌ఏడీహెచ్‌ను పుట్టించేవే కాబట్టి వాళ్లకు అవి పడవు. అందులో చాలామంది, జబ్బు ఉందని తెలియక ముందే, చిన్నప్పటి నుంచి తీపిని పక్కనబెట్టి ప్రొటీన్, కొవ్వు ఉన్న తిండినే కోరుకుంటారు. ఒక పొరలోని ఒక ద్వారం మనిషి తిండి ఇష్టాన్ని మార్చేస్తోంది!

కోఎంజైమ్-ఏ విషయంలోనూ సూత్రం ఇదే, క్లుప్తంగా చెబుతాను. పావురం కాలేయపు సారంలో సల్ఫనిలమైడ్ మందుకు అసిటైల్ గుంపు ఎలా చేరుతోందో చూస్తూ ఫ్రిట్జ్ లిప్‌మాన్ దీన్ని 1940లలో పట్టుకున్నారు, 1953లో నోబెల్ అందుకున్నారు. కొవ్వు ఆమ్లం తగిలించుకున్న కోఎంజైమ్-ఏ లోపలి పొర దాటలేదు. పొర దగ్గర ఆ కొవ్వు ఆమ్లాన్ని కార్నిటిన్ అందుకుని లోపలికి చేరుస్తుంది, లోపల ఇంకో కోఎంజైమ్-ఏ ఎదురు చూస్తూ ఉంటుంది. అసిటైల్ గుంపు బయటికి రావాలంటే సిట్రేట్ రూపంలో రావాలి. లోపలి కోఎంజైమ్-ఏ లోపలే, బయటిది బయటే, మారేది సరుకు మాత్రమే.

చదివే పద్ధతి గురించి. రియాక్షన్లను పేరు వరసన బట్టీ పట్టడం ఆపండి. ప్రతి దారికీ ఒక హైడ్రోజన్ ఖాతా రాయండి: ఎన్‌ఏడీహెచ్ ఎక్కడ పుట్టింది, పొరకు ఏ వైపు, దాన్ని ఎవరు ఖాళీ చేశారు. ఖాతా కుదరకపోతే ఏదో మెట్టు మీరు వదిలేశారని అర్థం. ఒక్క ఉదాహరణ నాతో పాటు చేయండి. కాలేయం లాక్టేట్ నుంచి గ్లూకోజ్ చేస్తోంది. ఒక గ్లూకోజ్‌కు రెండు లాక్టేట్‌లు కావాలి. అవి పైరువేట్ అయ్యేటప్పుడే సైటోసాల్‌లో రెండు ఎన్‌ఏడీహెచ్‌లు పుట్టాయి. గ్లూకోజ్ వైపు ఎక్కే దారిలో పైనున్న గ్లిజరాల్డిహైడ్ ఫాస్ఫేట్ మెట్టు దగ్గర సరిగ్గా రెండే కావాలి. ఖాతా కుదిరింది. కాబట్టి పైరువేట్ నుంచి మైటోకాండ్రియాలో పుట్టిన ఆక్సలోఅసిటేట్ బయటికి వచ్చేటప్పుడు హైడ్రోజన్ తీసుకురానక్కర్లేదు, అస్పార్టేట్‌గా వస్తే చాలు. ఇప్పుడు లాక్టేట్ బదులు అలనైన్‌తో మొదలుపెట్టండి. అలనైన్ పైరువేట్ అయ్యేటప్పుడు సైటోసాల్‌లో ఎన్‌ఏడీహెచ్ పుట్టదు, పైన మాత్రం రెండు కావాలి. అప్పుడు ఆక్సలోఅసిటేట్ మాలేట్ రూపంలో బయటికి వచ్చి తన హైడ్రోజన్‌ను సైటోసాల్‌లో ఇస్తుంది. ఒకే గ్లూకోజ్, రెండు వేర్వేరు దారులు, తేడాకు కారణం ఒక్క కోఎంజైమ్ ఖాతా. పరీక్షలో ఈ వివరణ రెండు వాక్యాల్లో రాయగలిగితే దిద్దేవారికి మీకు విషయం అర్థమైందని తెలిసిపోతుంది.

చివరిగా మీ అన్నయ్య మాత్రలు. ఆ సీసాలో ఉండేది చాలావరకు నికోటినమైడ్ రైబోసైడ్, ఎన్‌ఎంఎన్, లేదా నియాసిన్ రకాలు. ఇవి ఎన్‌ఏడీ తయారీకి ముడిసరుకు. కాలేయం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా ఎన్‌ఏడీని స్వయంగా తయారు చేసుకుంటుంది, అంతేకాక నికోటినమైడ్‌ను రక్తంలోకి వదిలి మిగతా అవయవాలకూ సరఫరా చేస్తుంది. నోటి ద్వారా తీసుకున్న ముడిసరుకులో చాలా భాగం కాలేయం దాటకముందే నికోటినమైడ్‌గా మారిపోతుందని ఎలుకల్లో చూశారు. ఇంకో సంగతి మీకిప్పుడు తెలుసు. మాత్ర మొత్తం ఎన్‌ఏడీని పెంచవచ్చు గానీ, దిశను నిర్ణయించే నిష్పత్తి లోపలికి వచ్చే ఇంధనం మీద, దాన్ని ఖాళీ చేసే మైటోకాండ్రియా మీద ఆధారపడుతుంది. ఫ్యాటీ లివర్‌కు ఈ మాత్రలు స్థిరపడిన వైద్యం కాదు. నియాసిన్‌ను గ్రాముల మోతాదులో, ముఖ్యంగా నెమ్మదిగా కరిగే రకాన్ని వాడితే అది కాలేయాన్నే దెబ్బతీయవచ్చు. బరువు ఎక్కువ ఉన్నవారిలో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు, వాపు తగ్గుతాయన్నది బలమైన ఆధారాలున్న మాట. మద్యం అలవాటు ఉంటే పూర్తిగా మానేయాలి, కారణం పైన లెక్కలోనే చూశారు. డాక్టర్‌ను కలిసేటప్పుడు మాత్రల సీసాను వెంట తీసుకెళ్లమనండి. దాని మీద రాసిన పేరు, మోతాదు ఆయనకు చూపించాలి. అప్పటిదాకా వాటిని మొదలుపెట్టొద్దని చెప్పండి. ఇప్పటికే వాడుతుంటే ఎప్పటి నుంచి, రోజుకు ఎన్ని అన్నది కాగితం మీద రాసిచ్చి పంపండి.